లింగప్పకు వీసా

వజ్రకరూరు,
5 సెప్టెంబరు 2009.

ధర్మవరం గుంతమగ్గం సింహాసనం మీద కొలువుదీరిన శ్రీరంగప్ప మామగారి సముఖానికి, మేనల్లుడు విష్ణువర్ధన్, బి.ఎస్సీ., రెండో తరగతి, వంగి వంగి రాసుకున్న మనవి.

ఫోను చేద్దామనే అనుకుంటాను మామా. చేస్తే మీ వీధి మొత్తం వింటుంది, నువ్వు తప్ప. చిన్నప్పుడు ఆ జ్వరం నీ చెవులు పట్టుకుపోయి మనకు తపాలా శాఖను మిగిల్చింది. కాబట్టి ఈ కాగితం.

ముందు నీ కొడుకు సంగతి. ఆనంద్ క్షేమం. మూడు పూటలా రాగిసంగటి లాగిస్తున్నాడు. మగ్గం వదిలి వచ్చినందుకు మొదటి నెలంతా దిగులుగా ఉన్నాడు గానీ ఇప్పుడు దిగులు పడడానికి తీరిక లేదు.

గాలిమర అంటే ఏమిటో రాయమన్నావు. మూడు బస్సులు వరసగా నిలబెట్టినంత పొడుగు రెక్కలు. వాటిని మోయడానికి పెద్ద ఇనుప గొట్టం. ఆ గొట్టం ముక్కలుగా వస్తుంది. ఒకదాని మీద ఒకటి నిలబెట్టి లోపలి నుంచి బోల్టులు బిగించాలి. అవి మనుషుల చేతికి లొంగవు, దానికొక బిగింపు మిషన్ ఉంది. ఒకడు దాన్ని బోల్టుకు తొడిగి పట్టుకోవాలి, ఇంకొకడు పక్కన మోటారు దగ్గర మీట నొక్కాలి. ఆ మోటారు మోత గొట్టంలో మోగిందంటే ఎంత గొంతున్నవాడి మాటా వినబడదు. అక్కడ అందరూ నీలాంటివాళ్ళే.

ఈ విద్య నేర్పడానికి చైనా నుంచి లియాంగ్ అనే పెద్దమనిషి వచ్చాడు. వజ్రకరూరు జనం వారం రోజుల్లో ఆయనకు లింగప్ప అని నామకరణం చేశారు. ఆయనతో మాట్లాడడానికే కంపెనీ నన్ను పెట్టుకుంది. నేను గంభీరంగా నిలబడి, "గుడ్ మార్నింగ్ సర్, హవ్వార్యూ సర్" అన్నాను. ఆయన నవ్వి ఒక సిగరెట్ ఇచ్చాడు. ఇంకోసారి అడిగితే ఇంకో సిగరెట్. డిగ్రీలో నేర్చిన ఇంగ్లీషంతా పొగయిపోయింది. మన ఆనంద్ ముందుకొచ్చి చేతులు ఎత్తాడు. మీ ఇంట్లో నీతో ఎట్లా మాట్లాడతామో అట్లాగే. మణికట్టు తిప్పితే బిగించు. అయిదు వేళ్ళూ చాచి అరచేయి ఎత్తితే ఆగు. లింగప్ప కళ్ళు పెద్దవి చేసి, వీడి రెండు చేతులూ పట్టుకొని ఊపేశాడు. ఆ రోజు నుంచి ఆయన మిషన్ పట్టుకుంటే మీట వీడిది, వీడు పట్టుకుంటే మీట ఆయనది. నేను పక్కన నిలబడి జీతం తీసుకుంటున్నాను.

వీడు మీ ఇంటి మాటలన్నీ ఆయనకు నేర్పేశాడు. చిటికెన వేలు ముక్కుపుడక దగ్గర పెడితే అమ్మ అని కూడా. మొన్న లింగప్ప ఆకాశం వైపు చూపించి చిటికెన వేలు ముక్కు మీద పెట్టుకొని కళ్ళు తుడుచుకున్నాడు. ఆయనకు అమ్మ లేదంట.

ఢిల్లీ నుంచి ఏదో వీసా ఉత్తర్వు వచ్చిందంటున్నారు. మేనేజరు ముఖం కందిగింజంత చేసుకొని తిరుగుతున్నాడు. వివరం తెలిశాక రాస్తాను.

ఆనంద్ పైకి ఎక్కడు, కింద సామాను అందిస్తాడు అని నువ్వు పంపేటప్పుడే మాట తీసుకున్నావు. నీ కొడుకు కాళ్ళు నేల మీదే ఉన్నాయి. నా కాళ్ళ సంగతి నీకు తెలుసు, మిద్దె మీద వడియాలు తీయమంటేనే వణుకుతాయి.

ఇట్లు,
గాలిమరల సంస్థాన ఆస్థాన దుబాసీ,
విష్ణువర్ధన్

*

ధర్మవరం,
3 అక్టోబరు 2009.

విష్ణూకు మామ దీవెన.

నీ జాబు మీ అత్తకు చదివి వినిపించినా. నాకు తెలీకుండా గట్టిగా చదువుతానంట. ఎదురింటి బాలప్ప కూడా వచ్చి నవ్వి పోయినాడు. సింహాసనం అని రాసినావు, ఆ గుంతలో రెండు నెల్ల నుంచి పడుగు ల్యాదు. ఇది నవ్వులో రాయల్సింది కాదులే, పోనీ.

ఆనంద్ దసరాకు వచ్చి పోయినాడు. లింగప్ప మాదిరి నడిచి చూపిచ్చినాడు, సిగరెట్ కాల్చినట్ల చేసినాడు. మీ అత్త కడుపు పట్టుకొని నవ్వింది. లింగప్పను దేశం దాటి పొమ్మంటాండారని కూడా చెప్పినాడు. ఎందుకప్పా? ఏం తప్పు చేసినాడు?

ధర్మవరంలో చైనా పట్టునూలు లేకుండా చీర ల్యాదు. ఆ నూలును వీసా యాడుంది అని ఎవరూ అడగలా. మనిషినే అడుగుతారు.

ఒక మాట చెప్తా విను. మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తే మొత్తం కోసి పారెయ్యము. కొసలు మిగిలిచ్చి, కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే దానికి మెలిపెట్టి అతుకుతాము. అప్పుడే కొత్తది దారి తప్పకుండా లోపలికి వస్తాది. పాతది కోసేసినాంక కొత్తది దేనికి అతకల్ల? ఆ లింగప్ప పని మనోనికి పూర్తిగా రాకముందే కోసేస్తే ఎట్ల?

ఇంకోటి. వాడు పైకి ఎక్కుతాండాడా? ఎగతాళి లేకుండా రాయి.

మీ అత్త చెనిక్కాయ ఉండలు పంపింది. నువ్వొక్కడే తినకు.

శ్రీరంగప్ప

*

వజ్రకరూరు,
1 నవంబరు 2009.

మామకు,

ఎగతాళి లేకుండా రాయమన్నావు. నన్ను ఉపవాసం ఉండమన్నట్టే. అయినా ప్రయత్నిస్తాను.

లింగప్ప నిన్న తన దేశం పోయాడు. సంగతి ఇది. ఇన్నాళ్ళూ ఆయన వ్యాపార వీసా మీద ఉన్నాడంట. అంటే భారత ప్రభుత్వం దృష్టిలో లింగప్ప ఒక వ్యాపారి. గోళ్ళ నిండా గ్రీజు, మోకాలికి చిరిగిన ప్యాంటు, అయినా వ్యాపారే. దేశమంతటా ఇట్లాంటి వ్యాపారులు వేలల్లో తేలారు. కొన్నిచోట్ల కూలిపని కూడా బయటి దేశంవాళ్ళే చేస్తుంటే అక్కడి కుర్రవాళ్ళు గొడవ చేశారంట. వాళ్ళ బాధ నిజమే, కాదనను. అందుకని కొత్త ఉత్తర్వు: సైట్లలో పనిచేసే విదేశీయులంతా అక్టోబరు ఆఖరుకల్లా వాళ్ళ దేశం పోవాలి, అక్కడ ఉద్యోగ వీసాకు పెట్టుకొని రావాలి. ఇక్కడివాళ్ళు చేయగల పనికి వీసా రాదు. నిపుణుడైతేనే వస్తుంది.

నిపుణుడని ఎట్లా తెలుస్తుంది? సర్టిఫికెట్‌తో. లింగప్ప చదివింది మన లెక్కన ఎనిమిదో తరగతి. ఆయన సర్టిఫికెట్లు రెండూ భుజాల నుంచి వేలాడుతున్నాయి. వాటికి గెజిటెడ్ సంతకం ఎవరు పెడతారు? నేనేమో సర్టిఫికెట్ ఉన్న నిపుణుడిని. ఏ దేశం పోయినా నన్ను రానిస్తారు, పోయి ఏం చేయాలో తెలియదు.

మేమంతా ఆయన్ను సాగనంపాం. టీ బంకు మారెప్పకు మొదటి నుంచీ ఒక నమ్మకం, గాలిమర ఒట్టి సాకు, ఈయన వజ్రాలకే వచ్చాడని. తొలకరికి వాన పడితే ఊరంతా చేలల్లో వంగి వాటికోసం వెతుకుతుంది కదా, ఈయనెప్పుడూ వంగలేదు, అందుకే అనుమానం. జీపు దగ్గర చెవిలో అడిగాడు. "లింగప్పా, పోతాండావు గదా, యాడ దొరికినాయో ఇప్పుడన్నా చెప్పప్పా." లింగప్ప జేబులో చేయి పెట్టి, పిడికిలి మూసి, మారెప్ప చేతిలో ఒకటి పెట్టాడు. గ్రీజు పూసిన నట్టు. మారెప్ప దాన్ని బిస్కెట్ల సీసాలో దాచుకున్నాడు.

జీపు కదిలాక లింగప్ప కిటికీలోంచి అరచేయి ఎత్తాడు, అయిదు వేళ్ళూ చాచి. నేను టాటా అనుకున్నాను. ఆనంద్ అన్నాడు, "టాటా కాదు బావా. ఆగమంటాండాడు. ఆయన వచ్చేదాంక పనికి చెయ్యి పెట్టొద్దని."

మరలు తిరగడం మొదలయ్యాక కొన్నాళ్ళకు బోల్టులు సడలుతాయి. వాటిని మళ్ళీ బిగించాలి. ఆ గడువు దగ్గరికొచ్చింది. వారంలో వీసా వస్తుందని మేనేజరు అంటున్నాడు. ఆ వారం ఏ పంచాంగంలో ఉందో చెప్పడం లేదు.

ఆనంద్ కాళ్ళ గురించి అడిగావు. నేల మీదే ఉన్నాయి.

నీ అల్లుడు,
విష్ణువర్ధన్

*

ధర్మవరం,
20 నవంబరు 2009.

విష్ణూకు,

నీ జాబు అందింది. మూడుసార్లు చదివినా. ఆ ఆఖరి మాట మాత్రం ఒక్కసారే చదివినా.

మీ అత్త ఒకటి అడగమంటాది, నేనొకటి అడగల్ల. ఆమెది, వాడు తలకు నూనె పెట్టుకుంటాండాడా అని. నాది ఇది. ఆ గొట్టంలో మోత పడితే అందరూ నా లాంటోళ్ళే అని నువ్వే రాసినావు. చెవుడు ఎట్ల ఉంటాదో నాకు తెలుసు. నా ఎనకాల ఎద్దులబండి వచ్చినా నాకు తెలీదు. ఎవరన్నా నా ముందరికొచ్చి చెయ్యి ఎత్తితేనే నేను బతికినట్ల. లింగప్ప పోయినాంక ఆ మోతలో వాడితో మాట్లాడేదెవరు?

నువ్వు ఆ సైటులో ఉండు. వాడి కంటి ముందర ఉండు. నీకు చేతుల మాట వస్తాది. చిన్నప్పుడు నా ఒళ్ళోనే నేర్చుకున్నావు.

జవాబు తొందరగా రాయి.

శ్రీరంగప్ప

*

అనంతపురం, ఆసుపత్రి,
9 డిసెంబరు 2009.

మామా,

ఈ కాగితం మా సైటు డ్రైవరు పెద్దన్న చేతికిచ్చి పంపుతున్నాను. చదివిన వెంటనే అత్తను తీసుకొని అతని జీపులోనే రండి. ఆనంద్ బతికే ఉన్నాడు. ముందు ఆ మాట రాస్తున్నాను. పడలేదు. కుడిచేతికి దెబ్బ తగిలింది. చిటికెన వేలు, ఉంగరపు వేలు మిగల్లేదు.

నీ జాబు వచ్చేసరికి నేను సైటులో లేను. లింగప్ప వీసా అక్కడ తిరగగొట్టారు, సర్టిఫికెట్ లేదని. ఈ మనిషి నిపుణుడేనని, ఇతని పని ఇక్కడెవరికీ రాదని కంపెనీ తరపున కాగితాలు కావాలన్నారు. వాటి కోసం నన్ను బెంగళూరు పంపారు. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకు తోలింది. నేను అక్కడ వరసలో నిలబడి లింగప్ప పని ఎవరికీ రాదని రాయించుకుంటున్నాను. అదే రోజు ఇక్కడ మేనేజరు, "లింగప్ప పని మన ఆనంద్‌కు వచ్చు గదా" అని వాణ్ణి పైకి పంపాడు.

మీట దగ్గర బళ్ళారి నుంచి కొత్తగా వచ్చిన బసప్పను పెట్టారు. మంచి పిల్లవాడు. కానీ అతనికి నోటిమాటే వచ్చు. ఆనంద్ మిషన్ తొడిగాడు. అది సరిగ్గా కూర్చోలేదు. సర్దడానికి కుడిచేయి లోపల పెట్టి, ఎడమచేయి ఎత్తాడు. అయిదు వేళ్ళు చాచి. ఆగు అని. బసప్ప దాన్ని కానివ్వు అనుకున్నాడు. నొక్కాడు.

బసప్ప ఆసుపత్రి మెట్ల మీదే కూర్చున్నాడు. ఎవరు పొమ్మన్నా పోవడం లేదు. "చెయ్యెత్తినాడన్నా. రెడీ అంటాండాడు అనుకుంటి. మనిషి చెయ్యెత్తితే అదే గదన్నా?" అని నన్నే అడుగుతున్నాడు. అతనికి ఎవరూ నేర్పలేదు. నేర్పేవాణ్ణి సాగనంపాం.

ఆనంద్ మొదటి నుంచీ పైకి ఎక్కుతున్నాడు. నీకు అబద్ధం రాశాను. నువ్వు వచ్చాక తిట్టు. ఇప్పుడు మాత్రం రా.

విష్ణు

*

ధర్మవరం,
25 జనవరి 2010.

విష్ణూకు మామ దీవెన.

కట్లు విప్పినారు. పుండు మానింది. అన్నం ఎడమచేత్తో తినడం అలవాటు చేసుకుంటాండాడు. మీ అత్త ముద్దలు కలిపిస్తే కోపం వస్తాది వాడికి.

నువ్వు ఆసుపత్రిలో నా ముందర తల ఎత్తల్యా. కాబట్టి కాగితం మీద చెప్తాండా. వాడు ఎక్కుతాండాడని నాకు దసరాకే తెలుసు. మా ఇంట్లో మాటలన్నీ చేతుల్లోనే ఉంటాయి గదా, చేతులు చూడకుండా ఎట్ల ఉంటా? సామాను మోసేవోని కాయలు భుజం మీద ఉంటాయి. వాడికి వేళ్ళ మొదట్లో అడ్డంగా కాసినాయి, నిచ్చెన మెట్లు పట్టుకునే కాడ. చూసి ఊరికే ఉన్నా. నాయన భయపడతాడని వాడు దాస్తాండాడు. నాకు తెలిసిందని తెలిస్తే వాడు పని మానేసి వస్తాడు. వచ్చి ఏం చేస్తాడు, ఉత్త గుంతలో కూర్చోని? అందుకే నిన్ను అడిగినా గానీ వాణ్ణి అడగల్యా. పడతాడేమో అనే నా భయమంతా. చెయ్యి పోతాదని ఎవరనుకున్నారు?

వాడికి నత్తి వచ్చింది విష్ణూ. నోటికి కాదు. చెయ్యి ఎత్తుతాడు, సగం మాటలోనే వేలు ల్యాదని గుర్తొస్తాది, ఆగిపోతాడు. మళ్ళా మొదలు పెడతాడు. నాకు అర్థమైతాది, కానీ వాడు నా ముఖం చూస్తా అర్థమయిందా లేదా అని కనుక్కుంటాండాడు. ఇంతకు ముందు ఎప్పుడూ అట్ల చూడల్యా.

మొన్న వాళ్ళమ్మను పిలవల్లని కుడిచెయ్యి ముక్కు కాడికి తీసుకుపోయినాడు. చిటికెన వేలు ల్యాదు. చెయ్యి దించేసినాడు. మీ అత్త పొయ్యి కాడ ఉండి చూసింది. లేచి వచ్చి, వాడి చెయ్యి పట్టుకొని, బొటనవేలు తీసి తన ముక్కుపుడక మీద పెట్టుకొనింది. "ఏ వేలు పెట్టినా పలుకుతాలేరా" అనింది. నాకు వినబడదు గానీ ఆమె పెదాలు చూసినా.

వాడు మళ్ళా వస్తానంటాండాడు. నేను వద్దనల్యా. లింగప్ప వస్తాడా? వచ్చినాంకే పంపుతా. ఒక షరతు. మీట మీద ఉండే చెయ్యి నీదై ఉండల్ల. నీకు ఎత్తంటే భయమని నాకు తెలుసు. అయినా అదే నా షరతు.

మళ్ళా నవ్వించేటట్ల రాయి. నీ పోయిన జాబు చదివినాంక బాలప్ప రావడం మానేసినాడు.

శ్రీరంగప్ప

*

వజ్రకరూరు,
14 మార్చి 2010.

ధర్మవరం సింహాసనానికి, నిచ్చెన మెట్ల మీద సగం ప్రాణంతో వేలాడుతున్న మేనల్లుడి దండాలు.

మొదట శుభవార్త. లింగప్ప నిపుణుడని రెండు ప్రభుత్వాలు ఒప్పుకున్నాయి. కిందటి వారం ఉద్యోగ వీసాతో దిగాడు. మారెప్ప ఎదురుపోయి, నట్టు పదిలంగా ఉందని సీసా చూపించాడు.

ఆయన జీపు దిగగానే ఆనంద్ కోసం చూశాడు. వీడు కుడిచేయి జేబులో పెట్టుకొని దూరంగా నిలబడ్డాడు. లింగప్ప దగ్గరికొచ్చి, ఆ చేయి బయటికి తీసి, చాలాసేపు తన రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. సిగరెట్ ఇవ్వలేదు, నవ్వలేదు. జీపు కిటికీ చూపించాడు, తన అరచేయి చూపించాడు. ఆగమన్నాను కదా అని. ఆనంద్ చేతులెత్తి ఏదో చెప్పబోయి, మధ్యలో ఆగిపోయాడు. నువ్వు రాసిన నత్తి నేను అప్పుడు చూశాను మామా.

లింగప్ప తన కుడిచేయి ఎత్తాడు. చిటికెన వేలూ ఉంగరపు వేలూ మడిచేశాడు. మిగిలిన మూడు వేళ్ళతో వీడికి జవాబు చెప్పడం మొదలుపెట్టాడు. ఆయనకూ నత్తే వచ్చింది. ఇద్దరూ కాసేపు అట్లా నత్తిగా మాట్లాడుకున్నారు.

మరుసటి రోజు పని మొదలయ్యే ముందు లింగప్ప అందర్నీ వరసలో నిలబెట్టాడు. మేనేజరు, క్రేన్ డ్రైవరు, పెద్దన్న, బసప్ప, నేను. అయిదు వేళ్ళు ఎత్తి, తల అడ్డంగా ఊపాడు. అది చెల్లదు. మూడు వేళ్ళు ఎత్తి, మోటారు చూపించి, ఆపేయమన్నాడు. నేను దుబాసీ హోదాలో గొంతు సవరించుకొని ప్రకటించాను. "నేటి నుంచి ఈ సైటులో ఆగు అంటే మూడు వేళ్ళు. అయిదు వేళ్ళు ఎత్తితే టాటా." అందరి చేతా ఎత్తించాడు. మేనేజరు రెండుసార్లు తప్పు చేస్తే మూడోసారీ ఎత్తించాడు. బసప్ప ఎత్తిన చేయి దించనే లేదు. ఆనంద్ పోయి అతని చేయి పట్టుకొని దించాల్సి వచ్చింది. "చాలు లేప్పా, ఆగినాం గదా" అన్నాడు.

ఢిల్లీలో ఒక నియమం మారితే లింగప్ప దేశం దాటి తిరిగి రావడానికి నాలుగు నెలలు దాటింది. ఇక్కడి నియమం పళ్ళు తోముకునేలోపల అమల్లోకి వచ్చింది, గెజిట్ కూడా లేదు.

నీ షరతు నెరవేర్చాను. నిచ్చెన ఎక్కాను. మొదటి అంతస్తుకే నా కాళ్ళు రాజీనామా ఇచ్చాయి. పైనుంచి ఆనంద్, "బావా, కిందికి చూడొద్దు, నా కాళ్ళు చూడు" అన్నాడు. వాడి కాళ్ళే చూస్తూ ఎక్కాను. నీకు ఇన్నాళ్ళూ నేల మీద ఉన్నాయని రాసిన కాళ్ళు అవి. ఇప్పుడు మీట నాది. వాడు చేయి ఎత్తినప్పుడల్లా నా వేళ్ళు మీట నుంచి వాటంతటవే లేస్తున్నాయి.

బోల్టులన్నీ మళ్ళీ బిగిస్తున్నాం. తొందరపడొద్దని లింగప్ప ఆజ్ఞ. ఆనంద్ బసప్పకు చేతుల మాట నేర్పుతున్నాడు. నువ్వు చెప్పిన పడుగు లెక్కే, ఒక్కొక్క పోగు. అతను అన్నం దగ్గర కూడా చేతులతోనే అడుగుతున్నాడు, కూర ఎక్కువ వేయించుకోవడానికి ఆ భాష బాగా పనికొస్తుందని కనిపెట్టాడు.

మోతలో వాడితో మాట్లాడేదెవరు అని అడిగావు కదా. అప్పుడు జవాబు రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను. సైటంతా మాట్లాడుతోంది మామా. కొంచెం నత్తిగా.

బాలప్పను పిలిచి ఇది గట్టిగా చదువు.

విష్ణు